అర్గిరో అత్త పెట్టిన పేరు

మా అర్గిరో అత్తది జాలిగుండె అని కర్దామి ఊరంతా అంటుంది. ఆమె పోయినప్పుడు చర్చిలో గురువు కూడా అదే మాట చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. నాకు నవ్వాగలేదు. శాలువా అడ్డం పెట్టుకుని దగ్గినట్టు నటించాను. జాలిగుండె అట! ఆ గుండెలో ఏముందో చూసినదాన్ని నేనొక్కదాన్నే. ఇన్నాళ్లూ చెప్పలేదు, ఎందుకంటే చెబితే గాయపడే మనిషి ఒకడు బతికి ఉన్నాడు. మొన్న చలికాలంలో అతనూ పోయాడు. ఇక నా నోటికి అడ్డం లేదు.

అత్త మా నాన్నకు అక్క. నాన్న పేరు సిఫిస్. నేను ఆయన్ని చూడలేదు. జర్మన్లు ఆయన్ని కాల్చి చంపేనాటికి నేనింకా అమ్మ కడుపులో ఉన్నాను.

జర్మన్లు గొడుగులు కట్టుకుని ఆకాశంలోంచి మా క్రీట్ దీవి మీద దిగిన తరువాత ఇంగ్లీషు సైన్యం ఈజిప్టుకు పారిపోయింది. కొద్దిమంది మాత్రం దొంగచాటుగా తిరిగొచ్చి మా కొండగుహల్లో కాపురం పెట్టారు. వాళ్లలో ఒకడు అక్రోటు తొక్కతో జుట్టుకు రంగేసుకుని, మావాళ్ల బూట్లు తొడుక్కుని, మా యాసలో బూతులు కూడా నేర్చాడు. అతన్ని అందరూ ఎలియాస్ అనేవాళ్లు. రెథిమ్నో పట్నంలో జర్మన్ కెప్టెన్ దిగిన ఇంట్లో తనకొక మనిషి కావాలని ఎలియాస్ అడిగితే, మా నాన్న వాళ్లక్క పేరు చెప్పాడు.

అలా అత్త కెప్టెన్ ఇంట్లో చాకిరేవు పనికి చేరింది. పెళ్లి కాని పిల్ల, చూడ్డానికి బాగుంటుంది, గలగలా నవ్వుతుంది. ఎవరికి అనుమానం వస్తుంది? బట్టలుతికే మనిషికి తెలియని సంగతి ఉండదని ఆమె నాకు చాలాసార్లు చెప్పింది. జేబుల్లో ఇసకుంటే వాళ్లు దక్షిణపు రేవు నుంచి వచ్చినవాళ్లు. మోచేతుల దగ్గర నల్ల జిడ్డుంటే విమానాల దగ్గర పనిచేసేవాళ్లు. ఆరని బట్టలు ఆరనట్టే తెచ్చెయ్యమన్నారంటే, దండు కదులుతోందన్నమాట.

ఈ కబుర్లు కొండెక్కించడానికి ఆమె కాగితం ముట్టుకోలేదు. మా వాళ్లకు ప్రేమొచ్చినా కోపమొచ్చినా రెండు చరణాల పాట కట్టడం పుట్టుకతో వచ్చిన జబ్బు. అత్త తొట్టి దగ్గర బట్టలు బాదుతూ పాట కట్టేది. చీజ్ అమ్మే వంకతో గాడిదను తోలుకొచ్చిన వర్దిస్ అనే గొర్రెల కాపరి గోడ అవతల నిలబడి వినేవాడు, అదే పాడుకుంటూ గుహదాకా వెళ్లేవాడు.

"తడి చొక్కానే తొడుక్కుపోయే తొందర ఎందుకు మావా,
దక్షిణరేవు పిల్లకోసమా, దారిలో నన్ను చూడవా!"

కాపలా సిపాయిలు ఈ పాట విని, ఎవడో మావ మీద మనసు పడిందని ఆమెను ఆటపట్టించేవాళ్లు. వాళ్లకు భాష అర్థం చెప్పిన దుబాసీ కూడా నవ్వేవాడు. ఆ రాత్రే దక్షిణరేవు పక్క గుహలన్నీ ఖాళీ అయిపోయేవి.

ఇంతలో మా ఇంటి దీపం ఆరింది. పైకొండ మీద చీజ్ చేసుకునే రాతిపాక ఒకటి మా నాన్నకు ఉండేది. అందులో, చీజ్ ఆరబెట్టే అరుగు వెనక, ఎలియాస్ వైర్‌లెస్ పెట్టె దాచారు. ఒక ఉదయం జర్మన్లు వచ్చారు. ఊళ్లో ఏ ఇంటి తలుపూ తట్టలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. తిన్నగా పాకకు నడిచి, తిన్నగా ఆ అరుగు వెనక రాయి కదిలించారు. అంటే చూసినవాడెవడో చెప్పాడు. నాన్నను గోధుమలు నూర్చే కళ్లంలో నిలబెట్టి, ఊరందరినీ చుట్టూ నిలబెట్టి, కాల్చేశారు. మా నానమ్మ ఎర్గినా ఆ కళ్లంలో మళ్లీ గింజ నూర్చనివ్వలేదు.

కబురు పట్నానికి చేరినప్పుడు అత్త మోచేతుల దాకా సబ్బునురుగులో ఉంది. దుబాసీ వచ్చి కెప్టెన్ పిలుస్తున్నాడన్నాడు. కెప్టెన్ బల్ల ముందు నిలబెట్టి అడిగించాడు.

"కర్దామిలో పోయినవాడు నీకేమవుతాడు?"

అత్త చేతులు గౌనుకు తుడుచుకుంది.

"తమ్ముడండీ. చిన్నప్పట్నుంచీ వాడికి తిక్కే. వాడి తిక్కకి నన్నడిగితే నేనేం చెప్తాను? సబ్బు అయిపోయింది దొరగారూ, ముందు సబ్బిప్పించండి. లేకపోతే మీ దుప్పట్లన్నీ మరకలతోనే ఉంటాయి."

సబ్బు ఇప్పించారు. ఆమె మళ్లీ తొట్టి దగ్గరికెళ్లి సాయంత్రం దాకా ఉతికింది. కెప్టెన్ కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడట. ఏడిస్తే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే తమ్ముణ్ని పట్టించినవాడెవడో ఎప్పటికీ తెలియదు. అంచేత ఏడవలేదు. "ఆ రోజు మింగిన ఏడుపు నాకు ఇప్పటికీ అరగలేదే" అని నాతో అంది ముసలితనంలో.

మాలో తమ్ముడు పోతే అక్క తలనుంచి పాదందాకా నలుపు కట్టాలి. జన్మంతా కట్టేవాళ్లే ఎక్కువ. నాన్నకు దినం పెట్టేరోజు కెప్టెన్ అత్తను ఊరికి పంపాడు, వెనక ఒక సిపాయిని తోడిచ్చి. ఆమె ఏ రంగు కట్టుకుంటుందో చూద్దామనే పంపాడు. ఆమె నీలం పూల గౌను వేసుకుని వచ్చింది.

చర్చి మెట్ల మీద ఆడవాళ్లు ఆమెను వదిలిపెట్టలేదు.

"ఏమే అర్గిరో, తమ్ముడి నెత్తురు ఆరకముందే పూలు పూసినయ్యే నీ ఒంటిమీద!"

"దాన్నెందుకమ్మా అడుగుతావు, ఆ పూలకి నీళ్లు పోసేది కెప్టెనుగారాయె."

"దగ్గరికి రానీకండే. జర్మన్ సబ్బు కంపు కొడతంది."

నానమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "నాకు ఒక్కడే కొడుకు. ఆడు పోయాడు. నాకు కూతుళ్లు లేరు" అని తలుపేసింది. అత్త సిపాయి వైపు తిరిగి భుజాలెగరేసి నవ్వింది. ఆ నవ్వు నవ్వినందుకు నేను జన్మంతా ఆమె కాళ్లు కడిగినా తక్కువే.

వసంతంలో దొరికాడు, తమ్ముణ్ని పట్టించినవాడు. అత్త కెప్టెన్ వంటింటి పక్క గదిలో ఇస్త్రీ చేస్తోంది. గట్టి కాఫీ వాసన వచ్చింది. దీవి మొత్తం వేయించిన శనగల నీళ్లు కాఫీ అనుకుని తాగుతున్న రోజులు. అంత మంచి కాఫీ ఎవరికి పోస్తున్నారా అని ఆమె చెవి అటు వేసింది. మాట వినపడింది.

"ఆ రాతిపాక సంగతి లాగే ఇది కూడా నికార్సైన కబురు దొరగారూ. నేను తప్పు చెప్తానా?"

ఆ గొంతు కోస్మాస్‌ది. మా పక్కింటివాడు. ఊళ్లో నూనెగానుగ వాడిదే. మా నాన్నతో ఒకే గిన్నెలో పెరుగు తిన్నవాడు, వాన వస్తే ఆ పాకలోనే తలదాచుకున్నవాడు. గానుగ తిప్పుకోవడానికి జర్మన్లు వాడికి పెట్రోలు పోస్తున్నారు. పెట్రోలుకు మా నాన్నను అమ్మాడు.

ఇస్త్రీపెట్టె చొక్కా కాలరు మీదే ఉండిపోయింది. పొగ లేచింది. వంటవాడు పరుగెత్తుకొచ్చి ఆమె చెంప పగలగొట్టాడు. ఆ దెబ్బ మంచిదైంది, కళ్లలో నీళ్లకు కారణం దొరికింది.

గొర్రెపిల్లను తిన్న తోడేలు దొరికింది, పొడవనా అని పాట కట్టి పంపింది. పేరు మాత్రం పెట్టలేదు. తరువాతి వారం వర్దిస్ గోడ అవతల గాడిద బరువు సర్దుతున్నట్టు నిలబడ్డాడు.

"ఎలియాస్ వద్దన్నాడు. తోడేలు చస్తే మంద ఎవరిదో తెలిసిపోద్దంట. పెద్ద పనుంది, అయ్యేదాకా దాని వెంట్రుక కూడా ముట్టుకోవద్దంట."

"చచ్చింది ఆయన తమ్ముడా?"

"నామీద అరవకే తల్లీ. నేను మోసేవాణ్ని."

"అయితే ఇదీ మొయ్యి. పని అయ్యాక మాత్రం ఎవడి మాటా విననని చెప్పు."

ఆమె ఆగింది. కత్తి కొనిపెట్టుకుంది కూడా, తెల్ల పిడిది. మా క్రీట్‌లో పగ తీర్చుకోవడం ఆడదానికి సిగ్గు కాదు. మగదిక్కు లేని ఇంట్లో అది ఆమె హక్కు.

కానీ కోస్మాస్ తెలివితక్కువవాడు కాదు. పూల గౌను చూసి కెప్టెన్ నమ్మాడు గానీ వాడు నమ్మలేదు. మా రక్తం ఎలాంటిదో వాడికి తెలుసు. ఒకరోజు కెప్టెన్, దుబాసీ పెరట్లో కూర్చుని ఉండగా, టోపీ చేత్తో పట్టుకుని తొట్టి దగ్గరికి వచ్చాడు.

"అర్గిరో, మా ఆవిడ గరిఫాలియాకి కొడుకు పుట్టాడు."

"విన్నాను. చల్లగా ఉండనీ."

"మా వాడికి నువ్వే జ్ఞానస్నానం చేయించాలి. ఊళ్లో జనం నీ మీద ఉమ్మేస్తా ఉంటే నాకు మనసు ఒప్పలేదు. నా బిడ్డకి నువ్వు జ్ఞానతల్లివైతే ఎవడు నోరెత్తుతాడు? కాదనవు కదా?"

ఈ మాట ఎంత లోతైన గొయ్యో మా కొండల్లో పుట్టినవాళ్లకే తెలుస్తుంది. బిడ్డకు జ్ఞానస్నానం చేయించమని ఎవరైనా అడిగితే కాదనకూడదు. శత్రువు అడిగినా కాదనకూడదు. ఒకసారి ఆ బిడ్డను నీ చేతుల్లోకి తీసుకున్నావా, ఆ తండ్రీ నువ్వూ 'సింతెక్నో'లు, దేవుడు ముడేసిన బంధువులు. ఆపైన ఆ ఇంటి మీద కత్తెత్తితే సొంత అన్నను పొడిచినట్టే. తరాల తరబడి చంపుకున్న ఇళ్లు ఇలాగే ఒక బిడ్డను జ్ఞానస్నానపు నీళ్లలో ముంచి చల్లబడ్డాయి. ఆ మందు కోసమే వచ్చాడు వాడు.

ఒప్పుకుంటే తమ్ముడి పగ పోతుంది. ఒప్పుకోకపోతే ఆమెకు నిజం తెలుసని వాడికి అక్కడికక్కడే తెలిసిపోతుంది. సాయంత్రానికల్లా కెప్టెన్‌కు తెలుస్తుంది. ఆపైన వర్దిస్, ఎలియాస్, వాళ్లకు రొట్టెముక్క పెట్టిన ప్రతి ఇల్లూ కళ్లంలో నిలబడాల్సిందే. వాడు ఆమె కళ్లలోకే చూస్తున్నాడు. కెప్టెన్ సిగరెట్టు వెలిగించుకుంటూ చూస్తున్నాడు.

అత్త తడిచేతులు బారచాపి నవ్వింది.

"అబ్బ, ఎంతసేపటికి అడిగావయ్యా సింతెక్నా! నన్ను కాక ఇంకెవరినైనా అడిగుంటే నీ గానుగకి నిప్పెట్టేదాన్ని."

అందరూ నవ్వారు. వాడూ నవ్వాడు, భుజాల బరువు దిగినవాడిలా. ఆ రాత్రి ఆమె కత్తిని బావిలో పారేసింది. పారేసి, బావి గట్టు మీద కూర్చుని వాణ్ని ఎన్ని తిట్లు తిట్టిందో నాకు వరసగా చెప్పింది. అవి ఇక్కడ రాయను, పత్రిక వాళ్లు వేయరు.

జ్ఞానస్నానం రోజున చర్చి నిండిపోయింది. అభిమానంతో కాదు, పూల గౌను మళ్లీ వస్తుందా అని చూడ్డానికి. వచ్చింది. పాపా యానారిస్ అనే ముసలి గురువు తంతు మొదలుపెట్టాడు. ముందు జ్ఞానతల్లి పడమటి వైపు తిరిగి సైతానును వదిలేస్తున్నానని చెప్పి, మూడుసార్లు ఉమ్మాలి. పడమటి గుమ్మం దగ్గర నిలబడి ఉన్నది కోస్మాస్. అందరూ ఏదో తూతూమంటారు. మా అత్త మాత్రం తనివితీరా ఉమ్మింది. మూడోది వాడి బూటు మీద పడింది. శాస్త్రప్రకారం జరిగినదానికి ఎవరేమంటారు?

తరువాత బిడ్డ ఒళ్లంతా నూనె రాయాలి. కోస్మాస్ గానుగలో తీసిన నూనే. ఆ చిన్న మెడ తన రెండు వేళ్ల మధ్యకు వచ్చినప్పుడు తనకు ఏమనిపించిందో అత్త నా దగ్గర దాచలేదు. "ఒక్క క్షణం... ఒక్క నొక్కు. వాడికీ తెలిసొచ్చేది, కన్నీళ్లంటే ఏంటో. ఇంతలో ఆ పిల్లాడు నా వేలు పట్టుకుని చప్పరించాడే. ఛీ, నేను వాడికంటే హీనమా అనుకున్నా." ఆమె వంగి ఆ మెడ మీదే ముద్దుపెట్టుకుంది. చూసినవాళ్లు భక్తి అనుకున్నారు.

మా దగ్గర బిడ్డ పేరు జ్ఞానతల్లి ఇష్టం. గురువు అడిగేదాకా కన్నతండ్రికి కూడా తెలియదు, అడగడమూ మర్యాద కాదు. తండ్రి తరఫు తాత పేరు పెడుతుందనుకుని కోస్మాస్ నిశ్చింతగా ఉన్నాడు. నీళ్లతొట్టి మీద బిడ్డను ఎత్తి పట్టుకుని గురువు అడిగాడు.

"పేరేమిటమ్మా?"

అత్త గొంతు చర్చి గోడలకు తగిలింది.

"సిఫిస్!"

పాపా యానారిస్ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, బిడ్డను నీళ్లలో ముంచాడు. ఒకసారి ముంచి సిఫిస్ అన్నాడు. రెండోసారి ముంచి సిఫిస్ అన్నాడు. మూడోసారి అనేటప్పటికి కోస్మాస్ గుమ్మం చెక్క పట్టుకున్నాడు.

బయట ఆడవాళ్లు, తమ్ముణ్ని కాదన్న నోటితో ఆ పేరు ఎలా పలికిందని మళ్లీ తిట్టారు. మా నానమ్మ మాత్రం తిట్టలేదు. రొట్టె చేసి, వర్దిస్ గాడిద మీద పెట్టి, "పట్నంలో నాకొక కూతురుంది, ఇచ్చెయ్" అందట.

కెప్టెన్‌కు కబురు చేరింది. "అది నీ తమ్ముడి పేరు కదూ?" అని అడిగించాడు.

"అవునండీ. చచ్చినవాడి పేరు నిలబెట్టడం మా ఆనవాయితీ. వాడు వెర్రివాడు గానీ పేరేం పాపం చేసింది?"

పక్కనే కోస్మాస్ ఉన్నాడు. ఆమెకు అంతా తెలుసని వాడికి తెలిసిపోయింది. కానీ ఏం చెప్పగలడు? సింతెక్నాను పట్టించినవాడి బిడ్డను మా దీవిలో ఏ గురువూ ముట్టుకోడు, ఏ ఇల్లూ నిప్పు ఇవ్వదు. పైగా అడిగి మరీ కట్టించుకున్న ముడి. వాడు నేల చూస్తూ, "ఔను దొరగారూ, ఆనవాయితీయే" అన్నాడు.

జర్మన్లు రెథిమ్నో వదిలిపోయేదాకా అత్త ఆ తొట్టి దగ్గరే ఉతికింది, పాడింది. వాళ్ల ఆఖరి లారీ వెళ్లిపోయిన రోజున పట్నమంతా వీధుల్లో గంతులేస్తుంటే, ఆమె పూల గౌను విప్పి పొయ్యిలో వేసి, నల్లబట్టలు కట్టుకుని, నడిచి కర్దామికి వచ్చింది. వర్దిస్ ముందే వచ్చి ఆమె పాటల సంగతంతా చెప్పేశాడు. మెట్ల మీద తిట్టిన ఆడవాళ్లే మోకాళ్ల మీద పడ్డారు. ఆమె వాళ్లను దాటుకుని తిన్నగా కళ్లంలోకి వెళ్లి కూర్చుని, అప్పుడు ఏడ్చింది. నానమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

మా నాన్న పెదతండ్రి కొడుకులు తుపాకులతో వచ్చారు.

"పట్టించిందెవడో నీకు తెలుసక్కా. పేరు చెప్పు చాలు, మిగతాది మేం చూసుకుంటాం."

"తెలీదు."

"తెలీదా, చెప్పవా?"

"తెలీదన్నానా? పోయి గొర్రెల్ని చూసుకోండిరా."

కోస్మాస్ బతికిపోయాడనుకోకండి. గరిఫాలియా గొంతు పెద్దది. రోజూ సాయంత్రం మిద్దె మీద నిలబడి, "సిఫీ! ఒరే సిఫీ! అన్నానికి రారా!" అని కేకేసేది. కింద గానుగలో పని ఆగిపోయేది. వాడు కొడుకును ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఒరేయ్ అనేవాడు, చిన్నోడా అనేవాడు. ఈస్టర్ వచ్చిందంటే జ్ఞానతల్లి కొత్త బూట్లు, కొవ్వొత్తి తేవాలి. అత్త ఏ ఏడాదీ మానలేదు. నల్లబట్టల్లో వాళ్ల పెరట్లో కుర్చీ వేయించుకుని, వాడు పోసిన సారా చప్పరిస్తూ పొద్దుగూకేదాకా కూర్చునేది.

"సిఫీ, ఇలా రా నాన్నా. సిఫీ, బూట్లు బిగుతా? సింతెక్నా, మన సిఫిస్ ఎంత ఎదిగాడో చూశావా? నిలబడితే అచ్చం..." అని ఆపేసేది. వాడు నిండిన గ్లాసులోనే మళ్లీ సారా పోసేవాడు. నేనూ వెంట వెళ్లేదాన్ని, తినుబండారాల ఆశతో. ఆ అబ్బాయి బంగారం. మా నాన్న పేరుతో నేను పిలిచిన మనిషి అతనొక్కడే. వాడి తండ్రి మీద ఎంత మండినా అతని మీద నాకు ఎన్నడూ మండలేదు.

కోస్మాస్ మంచం పట్టాడు గానీ ఎంతకీ ప్రాణం పోలేదు. మాట పడిపోతోంది, ఊపిరి ఆగి ఆగి వస్తోంది, పోవడం లేదు. ఎవరికో బాకీ క్షమాపణ ఉండిపోయిందని ముసలివాళ్లు అన్నారు. వాడు అర్గిరో పేరు గొణిగాడట. మధ్యాహ్నం సిఫిస్ మా అత్త దగ్గరికి పరుగెత్తుకుంటూ వచ్చాడు. జ్ఞానతల్లిని అతను అమ్మా అనే పిలిచేవాడు.

"అమ్మా, నాన్న నిన్ను రమ్మంటున్నాడు."

ఆ దారిలోనే, అతను ముందు నడుస్తుంటే వెనక నా చెవిలో, అత్త ఇదంతా మొదటిసారి చెప్పింది. నేను ఆమె మోచెయ్యి పట్టి ఆపాను. "ఇన్నేళ్లు ఈ కుక్క చేతి మిఠాయి తిననిచ్చావా నన్ను?" అన్నాను. "నోర్మూసుకుని నడు. ఇవాళ చూద్దువు గాని" అంది.

గదిలో అత్త అందర్నీ బయటికి పంపింది, నన్ను తప్ప. కోస్మాస్ ఆమె చెయ్యి అందుకోబోయాడు. ఆమె అందనివ్వలేదు.

"క్షమించు... సింతెక్నా. ఒక్క మాట... అను."

"ముందు నువ్వు ఒక మాట అను. నీ కొడుకుని పేరు పెట్టి పిలు."

వాడు తల అటూ ఇటూ ఆడించాడు. కంటి చివర నుంచి నీళ్లు చెవిలోకి కారాయి. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది, ఈస్టర్ పండుగకు వచ్చినట్టే తీరుబడిగా. చాలాసేపటికి వాడి పెదవులు కదిలాయి.

"సి... సిఫీ."

బయటినుంచి కొడుకు పలికాడు. "వస్తున్నా నాన్నా!"

కోస్మాస్ ఆ అడుగుల చప్పుడు వింటూ ఆశగా అత్త వైపు చూశాడు. ఆమె లేచి, వాడి చెవి దగ్గరికి వంగింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది.

"నీ కొడుకు కాబట్టి పలికాడు. క్షమించాల్సింది నేను కాదు కోస్మాస్. నువ్వెళ్లే చోటే ఉన్నాడు నా తమ్ముడు. అక్కడికెళ్లి ఇదే పేరుతో పిలు. పలికితే నీ అదృష్టం."

సిఫిస్ లోపలికి వచ్చేసరికి ఆమె తండ్రి దుప్పటి సరిచేస్తోంది. "మంచిదానివమ్మా" అని అతను ఆమె చెయ్యి ముద్దుపెట్టుకున్నాడు. ఆ మాట ఊళ్లోకి పాకింది. అర్గిరోది జాలిగుండె అనడం ఆ రోజు నుంచే మొదలైంది.